మూడో మెట్టు మీద తీపి నీళ్లు

గడువుకు ఇంకా పన్నెండు పోట్లు

ఉదయం 7.40. మూడో మెట్టు మునిగింది. రుచి: ఉప్పు.

నేను రాయాల్సింది ఇంతే. ఈ నీటి పుస్తకంలో వేళ, మెట్టు, రుచి అని మూడు గళ్లున్నాయి. నాలుగోది 'వివరం'. ఇరవై రెండేళ్లుగా దాన్ని ఖాళీగానే వదిలేశాను. ఇవాళ్టి నుంచి అందులో రాస్తాను. ఎక్కడో ఒకచోట కక్కేయాలి.

నా పేరు ముమ్మిడి సింహాద్రి. ఎత్తుపేట ఎన్నికల కార్యాలయంలో మెట్ల గుమాస్తాని. రాత్రి వచ్చే సముద్రపు పోటును కెమెరా చూసుకుంటుంది, పగటి పోటు నాది. కిందికి దిగి నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో చూడాలి. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని రుచి రాయాలి. మా నదిలో ఇంకా నది ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి పూర్వం పెట్టిన పద్ధతి ఇది. మిగిలిందేమీ లేదు. ఇన్నేళ్లలో 'ఉప్పు' తప్ప వేరే మాట రాసిన పాపాన పోలేదు. కూరలో ఉప్పు చాల్లేదనే హక్కు నాకు లేదని నా భార్య ఎప్పుడో తేల్చేసింది.

ఇవాళ నాలుక తుడుచుకుంటూ పైకొచ్చేసరికి బల్ల మీద సర్క్యులర్. మహాసభ స్థానానికి నామినేషన్ వేసేవారు మూడు వందల మంది ఓటర్ల వేలిముద్రలు తేవాలన్నది నిన్నటి నియమం. ఇవాళ్టి నుంచి ఆరు వందలు. ప్రస్తుత సభ్యులు "ప్రజలకు పరిచితులు" కనుక వారికి ఎప్పటిలాగే పది చాలు. మా సభ్యులు భూషణరావు గారు ఆ పదీ మొదటి రోజే వెండి పళ్లెంలో పెట్టి ఇచ్చారు. అందులో నాలుగు వారింట్లోవాళ్లవే.

కార్యదర్శి చంద్రమౌళి గారి గదిలోకి వెళ్లాను. "గడువు నడుస్తుండగా సంఖ్య మార్చొచ్చా సార్?"

"మార్చకూడదని ఎక్కడైనా రాసుందా?"

రాసి లేదు. నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. బయటికొచ్చి ఆ సర్క్యులర్‌ను నా చేత్తోనే గోడకు అంటించాను.

పదింటికి కామాడి నూకరత్నం వచ్చింది. నది ముఖద్వారం అవతల, సముద్రం మీద తాళ్లతో ఒకదానికొకటి కట్టుకున్న రెండు వందల తెప్పలు ఉంటాయి. దాన్ని తెప్పలవాడ అంటారు. ఆమె అక్కడ తెప్పల అడుగున పట్టిన గుల్లలు గీకుతుంది. వాళ్లకు రెండు రోజులకోసారి ఇంటికి ఒక బిందెడు మంచినీళ్లిస్తారు, అదీ ఎత్తుపేట వచ్చి మోసుకుపోవాలి. మంచినీళ్ల గొట్టం ముఖద్వారం దగ్గర ఆగిపోయింది. ఇంకో రెండు మైళ్లు వేయాలంటే మహాసభలో మా సభ్యుడు చెయ్యెత్తాలి. భూషణరావు గారు మూడు పర్యాయాలుగా ఎత్తలేదు. ఎగువ జలాశయంలో అన్ని నీళ్లు లేవంటారు. మూడుసార్లూ ఆయనకు పోటీ లేదు. ఈసారి చెయ్యెత్తడానికి తానే వెళ్తానని నూకరత్నం బయల్దేరింది.

"మూడొందలూ అట్టుకొచ్చానండి బాబుగారూ. నిన్న సాలన్నారు గదా."

"ఇవాళ చాలవమ్మా. ఆరు వందలు."

ఆమె గోడ మీది కాగితం కేసి చూసింది. "మా కాడ ఓటున్నోల్లే ఆరొందల పద్నాలుగు మందండి. అంటే పద్నాలుగు మంది దాకా సచ్చిపోయినా పరవాలేదన్నమాట."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

గడువుకు ఇంకా ఎనిమిది పోట్లు

ఉదయం 9.20. మూడో మెట్టు. ఉప్పు.

ఇంటి నంబరు లేని వేలిముద్ర చెల్లదని కొత్త సర్క్యులర్. తెప్పలకు నంబర్లుండవు. గాలి మారితే తెప్ప చోటు మారుతుంది, పక్కింటివాళ్లు మారతారు. ఈ సంగతి ఎత్తుపేటలో అందరికీ తెలుసు, సర్క్యులర్ రాసినవాళ్లకు ఇంకా బాగా తెలుసు.

నూకరత్నం మోచేతుల దాకా తారుతో వచ్చింది. రెండు వందల తెప్పలకూ పడవ తారుతో నంబర్లు వేసేశారట. "మా అత్తమ్మైతే తెప్పతో పాటు కోడిపెట్టకి కూడా ఏసేసింది బాబుగారూ, రేపు దాన్నీ అడుగుతారేమోనని." నవ్వాను. తర్వాత నవ్వినందుకు సిగ్గేసింది.

మహాసభ ఒక్కటే గానీ దానికి మనుషుల్ని పంపే రాష్ట్రాలు తొమ్మిది, ఎవరి గడువు వారిది. కొండ రాష్ట్రంలో గంట కొట్టేదాకా తీసుకుంటారు. మా తీర రాష్ట్రంలో ఆఖరి రోజు పగటి పోటు ఈ కార్యాలయం మూడో మెట్టును ముంచేదాకా. ఆ నియమం రాసింది నేనే.

అంతకుముందు గడువు గడియారం మీద ఉండేది. ఊళ్లో గడియారాలన్నీ రాజధానిలో ఒకే గదిలోంచి నడిచేవి. ఒక ఎన్నికల్లో ఆఖరి రోజు మధ్యాహ్నం నలభై నిమిషాలు మాయమైపోయాయి. వరసలో నిలబడ్డవాళ్ల మొహం మీదే తలుపు మూశారు. ఊరంతా గోల చేస్తే సలహాలు అడిగారు. అప్పుడే ఉద్యోగంలో చేరిన నేను ఒక కాగితం రాసిచ్చాను. నీరు ఎవరి మాటా వినదు, పైగా తెప్పలవాడ పడవలు పోటు మీదే ఇసుక మేట దాటి రాగలవు, వాళ్లను తెచ్చే నీరే గడువు మూస్తే ఎవరికీ అన్యాయం జరగదు అని. శాలువా కప్పారు. అది ఇప్పటికీ బీరువాలో ఉంది.

గడువుకు ఇంకా నాలుగు పోట్లు

ఉదయం 11.00. మూడో మెట్టు. ఉప్పు.

ఏడో నంబరు ఫారాలు అయిపోయాయట. వేలిముద్రలు ఆ ఫారం మీదే వేయాలి. "అచ్చుకు పంపాం, వచ్చే వారం వస్తాయి" అన్నారు కార్యదర్శి గారు. ఆయన బీరువాలో నాలుగు కట్టలున్నాయి. తలుపు సరిగా పడకపోతే కనిపించాయి. ఈ మనిషి రోజూ పొద్దున్నే పూజ చేసుకుని బొట్టు పెట్టుకుని వస్తాడు. చూస్తే ఒళ్లు కంపరమెత్తింది.

పాత నియమాల పుస్తకం తిరగేస్తే పంతొమ్మిదో నిబంధన దొరికింది. ఫారాలు లేనప్పుడు గుమాస్తా చేతిరాత ప్రతి చెల్లుతుంది. నలభై ఫారాలు గీతలు కొట్టి రాసి, సంతకాలు పెట్టి నూకరత్నం చేతికిచ్చాను. వేళ్లు వాచాయి. కార్యదర్శి గారు తలుపు దగ్గర నిలబడి చూశారు.

"మీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది సింహాద్రి గారూ" అన్నారు. అంతే. కోప్పడలేదు.

గడువుకు ఇంకా రెండు పోట్లు

ఉదయం 11.50. మూడో మెట్టు. ఉప్పు.

కొత్త సర్క్యులర్ లేదు. కార్యదర్శి గారు నన్ను కూర్చోబెట్టి కోవా పెట్టారు. ఇరవై రెండేళ్ల కిందటి నా కాగితం గురించి అడిగారు. ఎంత తెలివైన ఆలోచన అన్నారు. నేను పొంగిపోయాను.

"రేపు పోటు ఎన్నింటికి?"

"రోజుకు యాభై నిమిషాలు ఆలస్యం కదండీ. రేపు పన్నెండూ నలభైకి మెట్టు మునుగుతుంది."

"పాపం, తెప్పలవాడ వాళ్లు అందుకోగలరా?"

"అందుకుంటారండీ. పదిన్నరకు ముందు ఇసుక మేట దాటలేరు. దాటాక గంటలో ఇక్కడుంటారు."

"అయితే మంచిదే" అన్నారు, ఇంకో కోవా ముక్క చేతిలో పెడుతూ. తిన్నాను.

గడువు రోజు

ఉదయం 10.10. మూడో మెట్టు మునిగింది.

నేను పై గదిలో రసీదుల పుస్తకానికి ముద్రలు వేస్తున్నాను. "మెట్టు మునిగింది, తలుపు మూసేయండి" అని కింది నుంచి కార్యదర్శి గారి గొంతు వినిపించింది. నా పని ఆయన చేస్తున్నాడేమిటని పరుగెత్తుకుంటూ దిగాను. మెట్టు నిజంగానే మునిగింది. పోటుకు ఇంకా రెండున్నర గంటలుంది.

నీళ్లు ఎర్రగా, ఒండ్రుతో ఉన్నాయి. వాటి మీద గుర్రపుడెక్క తేలుతోంది, పచ్చగా, ఊదా రంగు పూలతో సహా. ఉప్పులో ఆ మొక్క ఒక్క పూట కూడా బతకదు. వేలు ముంచాను. నాలుక మీద పెట్టుకున్నాను. నమ్మకం కుదరక మళ్లీ ముంచాను. మూడోసారి దోసిలి పట్టి తాగేశాను.

రుచి: తీపి.

ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ మాట రాశాను. రాశాక అర్థమైంది. జలాశయం గేట్లు ఎత్తేశారు. తాగడానికి లేవన్న నీళ్లు, బిందెల లెక్కన కొలిచి పోసిన నీళ్లు, గొట్టానికి చాలవన్న నీళ్లు, ఒక రాతి మెట్టును ముంచడానికి సముద్రంలోకి వదిలేశారు. పదిన్నరకు ముందు పడవలు రాలేవని వాళ్లకు చెప్పింది నేను. కోవా తింటూ చెప్పాను.

11.25కి పడవలొచ్చాయి. ముప్పై పడవలు, ఎదురు ప్రవాహంలో తెడ్లు వేసీ వేసీ ఆడవాళ్ల భుజాలు వణుకుతున్నాయి. నీళ్ల రోజు కూడా కావడంతో పడవల నిండా ఖాళీ బిందెలున్నాయి. నూకరత్నం మోకాళ్ల లోతు నీళ్లలో మెట్లెక్కి, మైనపు గుడ్డలో చుట్టిన కాగితాలు నా చేతిలో పెట్టింది.

"ఆరొందల పద్నాలుగూ ఉన్నాయండి. ఒక్కలు కూడా తప్పలేదు."

"గడువు దాటింది" అన్నారు కార్యదర్శి గారు తలుపు లోపలి నుంచి.

"సార్, నియమంలో ఉన్నది పోటు. ఇది పోటు కాదు, నది. రుచి చూడండి."

"మెట్టు మునిగిందా, లేదా?"

"మునిగింది గానీ..."

"ఇంకేం మరి."

నూకరత్నం అప్పటికే వంగి నీళ్లు నోట్లో పోసుకుంది. ఆమె మొహంలో ముందు ఆశ్చర్యం, తర్వాత కోపం కనిపించాయి. నాలుగు రోజులుగా తెప్పలవాడంతా నిద్రాహారాలు మాని పోగు చేసిన వేలిముద్రలు నా చేతిలో ఉన్నాయి.

"బాబుగారూ, ఈ తియ్యనీల్లు ఎంతసేపుంటాయి?"

"పోటు వచ్చేదాకా. గంటా పదిహేను నిమిషాలు."

తలుపు కేసి చూసింది. పడవల కేసి చూసింది. "తగువు రేపాడుకోవచ్చు. నీల్లు రేపుండవు" అని వెనక్కి తిరిగి గట్టిగా కేకేసింది. "ఒసే, బిందెలు దింపండే! ఉప్పు కలిసిపోద్ది, బేగి!"

ఇక ఒక్కరూ తలుపు వైపు చూడలేదు. బిందెలు, క్యాన్లు, అన్నం గిన్నెలు, చివరికి పడవల్లో నీళ్లు తోడే డబ్బాలు కూడా నింపారు. ఒక ముసలమ్మ ముఖం కడుక్కుని, కడుక్కున్నందుకు తనే తనను తిట్టుకుంది. ఎవరో పైనుంచి ఫొటోలు తీస్తున్నారు. నేను తలుపు బయటే మెట్ల మీద కూర్చుని రసీదు రాశాను: నామినేషన్ అందిన వేళ 11.25. మెట్టు మీద నీరు తీపి. పోటు ఇంకా రాలేదు. సంతకం పెట్టి నూకరత్నానికి ఇచ్చాను. ఆమె చదవకుండానే రవికలో దోపుకుని బిందె ఎత్తుకుంది.

12.40. పోటు. రుచి: ఉప్పు.

గడువు తర్వాత రెండో పోటు

మధ్యాహ్నం 1.30. మూడో మెట్టు. ఉప్పు.

నామినేషన్ల పరిశీలన పది నిమిషాల్లో ముగిసింది. ఎగువన వానలు పడి నది పొంగిందని, దానికి ఎవరూ బాధ్యులు కారని, రుచి చట్టానికి సంబంధించిన విషయం కాదని కార్యదర్శి గారు చదివారు. నూకరత్నం కాగితాలు తిరస్కరించారు. భూషణరావు గారు ఏకగ్రీవం. బయట టపాకాయలు కాల్చారు.

తర్వాత నన్ను పిలిచి తలుపు వేశారు. "పుస్తకంలో ఒక్క మాటే సింహాద్రి గారూ. తీపి కొట్టేసి ఉప్పు రాయండి. వచ్చే ఏడు పదవీ విరమణ కదా."

ఛీ, నీ మొహం మండ అని ఉండాల్సింది. అనలేదు. "చూస్తానండీ" అన్నాను. ఆయన అంటే ఎంత రోత పుట్టిందో, నేనంటే అంతకు రెట్టింపు పుట్టింది.

గడువు తర్వాత నాలుగో పోటు

మధ్యాహ్నం 2.20. మూడో మెట్టు. ఉప్పు.

ఊరంతా పోస్టర్లు. నిండు బిందెలతో తెప్పలవాడ ఆడవాళ్ల ఫొటో, పైన చేతులు జోడించిన భూషణరావు గారు. కింద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: "మాటల మనిషి కాదు, చేతల మనిషి! మన సభ్యులు భూషణరావు గారి ఆదేశంపై ఉదయం ఏడు గంటలకు జలాశయం గేట్లన్నీ ఎత్తించి తెప్పలవాడకు మంచినీళ్లు!" గడువు రోజు తేదీ. ప్రభుత్వ ప్రకటన కాబట్టి అడుగున కార్యదర్శి చంద్రమౌళి గారి సంతకం, ముద్ర.

నిన్న పరిశీలనలో వాన అన్నవాళ్లే ఇవాళ గేట్లు అంటున్నారు. చేసిన దొంగతనం దాచుకోవచ్చు కదా, దాచుకోలేరు. ఎవరో తాగిన నీళ్ల ఫొటో కనబడితే చాలు, దాని మీద తమ మొహం లేకుండా ఊరుకోవడం వీళ్ల వల్ల కాదు. మనుషులు ఇంత చవకగా ఉంటారా అని నడివీధిలో నిలబడి పెద్దగా నవ్వాను. జనం చూశారు. జిగురు ఆరకముందే ఒక పోస్టరు చిరగకుండా ఊడదీశాను.

నూకరత్నం ఏదో సరుకు కోసం రేవు దగ్గరే ఉంది. ఆమెకు చూపించి చదివి వినిపించాను. "గడువు తర్వాత ఐదో రోజు మధ్యాహ్నంలోగా మహాసభలో అభ్యంతరం ఇవ్వొచ్చమ్మా. పుస్తకం రాసినవాడే అసలు పుస్తకం తెచ్చి చూపించాలి."

"మీరు సెలవు అడిగితే ఇత్తారా?"

"ఇవ్వరు."

"మరి ఉజ్జోగం?"

"పోతుంది."

"ఆ నీల్లు ఒక సీసాడు మా అత్తమ్మ మంచం కింద దాసిందండి. తెత్తాను" అని పడవెక్కింది. నేను ఇంటికెళ్లి బీరువాలోంచి శాలువా తీసి పుస్తకం అందులో చుట్టాను. ఇన్నాళ్లకు అది ఒక పనికొచ్చింది.

గడువు తర్వాత ఎనిమిదో పోటు

మెట్టు చూడలేదు. మహాసభ ఉండే మధ్యనగరంలో ఉన్నాను.

పడవలో ఒకటిన్నర రోజు పట్టింది. మహాసభ అభ్యంతరాల కౌంటర్లో ఒక పెద్దావిడ పుస్తకం తిరగేసింది. ఇరవై రెండేళ్ల ఉప్పు, మధ్యలో ఒక్క తీపి. పోస్టరు చదివింది. సీసా మూత తీసి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఎవరూ చెప్పకుండానే సరిగ్గా నేను చేసినట్టే చేసింది.

"ఏ రాష్ట్రమండీ మీది?" అంది. చెప్పాను. "మీ రాష్ట్రం నుంచి ఇదే మొదటి అభ్యంతరం" అంది.

మా దగ్గర్నుంచి అక్కడిదాకా ఏదీ రాదు మరి. నియమాలు మావి, అమలు మాది, ఏకగ్రీవాలూ మావే.

ముగ్గురు సభ్యుల పీఠం మమ్మల్ని మూడు గంటలు కూర్చోబెట్టింది. నూకరత్నం ఒక్క మాటే చెప్పింది: "వాన పడితే మేం దండం పెట్టుకునేవోల్లమండి. గేటెత్తితే పెట్టం." ఆఖరికి ఉత్తర్వు ఇచ్చారు. పోటు 12.40కి వచ్చింది, నామినేషన్ 11.25కి అందింది, అది చెల్లుతుంది. కార్యదర్శి మీద చర్య గురించి అడిగితే, అది మీ రాష్ట్రం చూసుకోవాల్సిన విషయం అన్నారు. అంటే చూసుకునేది ఆయనే.

గడువు తర్వాత పన్నెండో పోటు

సాయంత్రం 5.40.

రేవులో దిగేసరికి నా ఉద్యోగం తీసేసిన కాగితం తలుపుకు అంటించి ఉంది. పక్కనే ఇంకో సర్క్యులర్: మూడో మెట్టు శిథిలమైనందున తొలగించడమైనది, ఇకపై గడువులు కార్యదర్శి గారి గడియారం ప్రకారం. ఇద్దరు మేస్త్రీలు సుత్తులతో మెట్టు పగలగొడుతున్నారు. పాచి పట్టిన రాయి, నల్లగా ముక్కలై నీళ్లలో పడుతోంది. ఆ మెట్టంటే నాకు గర్వం ఉండేది. ఇప్పుడు చూస్తే ఏమీ అనిపించలేదు, మేస్త్రీలకు కూలి సరిగ్గా ఇస్తారో లేదో అనిపించింది.

నూకరత్నం పీఠం ఉత్తర్వును తీసుకెళ్లి గోడ మీద, ఆ రెండు కాగితాల మధ్య, అరచేత్తో ఒత్తి అంటించింది. చంద్రమౌళి గారు కిటికీలోంచి చూసి తెర వేసుకున్నారు.

"పోలింగు రోజున ఇంకేం సేత్తారో బాబుగారూ?"

"ఏదో ఒకటి చేస్తారమ్మా."

"సెయ్యనీండి. మీరు రాత్తా ఉండండి."

జీతం లేదు, మెట్టు లేదు. అయినా నీళ్ల దాకా దిగి వేలు ముంచాను. పెన్ను తీసి నాలుగు గళ్లూ నింపాను.

వేళ: 5.40. మెట్టు: పగలగొట్టారు. రుచి: ఉప్పు. వివరం: అభ్యర్థులు ఇద్దరు.